అడగకూడని ఊరు

బందరు, శుక్రవారం రాత్రి

మనవరాలు శ్రావణి సరిహద్దు దాటింది. డాక్టరు చదువుకు వెళ్లిన చోట యుద్ధం మొదలైతే, అక్కడి బడి పంతులమ్మ ఒకామె తన వ్యానులో పొలాల దారిన పిల్లలను దాటిస్తోంది. ఏ ఊరి మీదుగా వెళ్తున్నారో ఎవరికీ చెప్పకూడదన్నది ఆమె పెట్టిన ఒకే షరతు.

బయలుదేరేవాళ్లను ఎక్కడికని అడగకూడదని ఇంట్లో అందరినీ కసిరేది నేనే. నిన్న నేనే పట్టుబట్టి అడిగాను. పిల్ల చెప్పింది. గుడివాడలో ఉన్న మరిదికి చెప్పాను. ఆయన బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

"అందరూ దణ్ణం పెట్టుకుంటారని పెట్టాను వదినా!"

తీయించేలోపే అది ఎవరెవరికో వెళ్లిపోయింది.

సాయంత్రం శ్రావణి నవ్వుతూ ఫోన్ చేసింది. "ఇంకా తొమ్మిదిమంది అక్కడే ఉన్నారు అమ్మమ్మా. ఆవిడ మళ్లీ అదే దారిన వెనక్కి వెళ్లింది."

"వద్దని చెప్పవే. ఆ ఊరి పేరు బయటపడింది. నా వల్లే."

"నువ్వా అమ్మమ్మా?" అంది. "దారిలో ఆవిడ ఫోన్ ఆపేస్తుంది."

అప్పటినుంచి శ్రావణి ఆవిడకు ఫోన్ చేస్తూనే ఉందట, ఇందాక మెసేజ్ పెట్టింది. లైను ఖాళీగా ఉండాలి, నన్ను మాత్రం తనకు ఫోన్ చేయవద్దంది.