క్రిస్మస్ నాటి విస్తరి

ఆళ్లగడ్డ,
2-1-1979

నా బంగారు కృపావరానికి,

బస్సు దిగి ఇల్లు చేరానే గానీ మనసింకా నంద్యాలలో మీ ఇంటి పంచలోనే ఉంది. సెలవుల్లో హాస్టల్లో ఉండి చదువుకున్నానని ఇంట్లో చెప్పాను. అమ్మ నమ్మింది. చిక్కిపోయానని దిగులు కూడా పడింది. నాకు నవ్వాగలేదు.

నిజం చెప్పొద్దూ, చర్చిలో మొదట భయమేసింది. పాటలు రాక ఊరికే పెదవులు ఆడిస్తుంటే నువ్వు గిల్లావు చూడు, దొంగమొహమా! మీ అమ్మ మనిద్దరికీ ఒకే రంగు చీరలు తెచ్చి, కనపడిన వాళ్లందరితో "నాకు ఇద్దరు కూతుర్లు" అని చెప్పుకుంటుంటే ఏడుపొచ్చింది. మా అమ్మ నా గురించి ఎవరి ముందూ అట్లా చెప్పుకోలేదు. ఒక్క కోపం మాత్రం ఉంది. మీరంతా కోడికూర తింటుంటే నా విస్తట్లో ఓళిగలు, చిత్రాన్నం, పప్పు! అడిగితే మీ అమ్మ, "ధనుర్మాసం గదమ్మీ, మీ ఇండ్లల్లో తినరు గదా" అంది. తలమీద తెల్లకొంగు కప్పుకున్న ఆ ముసలామె మీ అమ్మమ్మా? దగ్గరుండి వడ్డించింది గానీ ఒక్క మాట మాట్లాడలేదు.

మా నాయన ఇచ్చిన కొట్టంలో నడిచే బడికి మీ నాయన పన్నెండేళ్లుగా అయ్యవారు. అయినా మా గడప దాటి లోపలికి ఎన్నడూ రాలేదు, ఎవరూ రమ్మనలేదు. నేను మాత్రం మీ ఇంట్లో కూర్చొని మీ చేతి అన్నం తిన్నాను. ఎంత గర్వంగా ఉందో! ఏదో ఒకరోజు అందరి ముందూ ఈ మాట చెప్తాను, చూస్తుండు.

నీ
సరస్వతి


ఆళ్లగడ్డ,
18-2-1979

కృపా,

నన్ను తిట్టు, శపించు. కానీ చివరిదాకా చదువు.

గోస్పాడు సంబంధం కుదిరిందని చెప్పాను కదా. తాంబూలాల రోజు మా ఓబులేసు మామ అందరి ముందూ నోరు జారాడు. "సుబ్బరాయుడు బావా, క్రిస్మస్ నాడు పిల్లను నంద్యాల చర్చి కాడ చూస్తి. మన అయ్యోరి పెండ్లాంతో పోతాండె." మగపెండ్లివాళ్లు తమలపాకులు కింద పెట్టేశారు. నాయన నా ముందుకొచ్చి, "ఏందీ? ఆడ తింటివా?" అన్నాడు. రానంటే బలవంతంగా తీసుకుపోయారన్నాను. వద్దంటే తినిపించారన్నాను. మతంలో కలిస్తే ఉద్యోగం ఇప్పిస్తానని మీ నాయన చెప్పాడన్నాను. ఆ చివరి మాట నన్నెవరూ అడగనైనా లేదు. ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

ఆ తర్వాతది నీకు తెలుసు. బడికి తాళం పడింది. మీ నాయన పెట్టె, పరుపు తీసి బజార్లో వేశారు. ఆయన మా ఇంటి ముందు నిలబడి, "సరస్వతమ్మా, ఒక్క మాట నిజం చెప్పు తల్లీ" అన్నాడు. నేను తలుపు చాటునే ఉన్నాను. బయటికి రాలేదు. నాయన పెట్టిన అర్జీ మీద ఆయన్ని పనిలోంచి ఆపేశారని విన్నాను.

నేను మాత్రం సుఖపడుతున్నానా చెప్పు? మైల పోవాలని బంగారు తీగ కాల్చి నాలుక మీద పెట్టారు. ఆవుపంచితం తాగించారు. అయినా ఆ ఇంట్లో తిన్నపిల్ల గదా అని గోస్పాడు వాళ్లు ఇంకా నాన్చుతున్నారు. ఈ పెండ్లి తప్పిపోతే నా బతుకు బజారుపాలే. నీకు దండం పెడతాను, జనవరిలో రాసిన ఉత్తరం చించెయ్యి.

సరస్వతి


నంద్యాల,
27-2-1979

సరస్వతికి,

నీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు.

నువ్వు మా చేతి అన్నం తినలేదు. ఆ ముసలామె మా అమ్మమ్మ కాదు. ఆమె పేరు జానకమ్మ. బ్రాహ్మలామె, మొగుడు లేడు. పెండ్లిండ్లకు వంటలు చేసి బతుకుతుంది. టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు నర్సమ్మగా అమ్మే ఆమెకు సేవ చేసింది. ఆ విశ్వాసంతో వచ్చి, మా పెరట్లో వేరే పొయ్యి పెట్టుకొని, కొత్త కుండల్లో, తాను తోడుకున్న నీళ్లతో నీ ఒక్కదానికి వండింది. మేమెవరమూ ఆ పొయ్యి దగ్గరికి పోలేదు. "పసిబిడ్డ, తెలియక తింటాది. రేపు వాళ్లింట్లో ఎన్ని అగచాట్లు పడతాదో" అని అమ్మ చేసిన ఏర్పాటది. నీకు చెబుదామంటే అమ్మే ఆపింది. "మనతో తిన్న్యానని మురిసిపోతాంది. మురవనీ లేమ్మా" అంది.

మీ నాయన అర్జీ పెట్టిన రోజే ఇదంతా బయట పెట్టేవాళ్లం. కానీ మా ఇంట్లో వండిందని తెలిస్తే జానకమ్మను ఎవరూ వంటకు పిలవరు. అందుకే నోరు మూసుకున్నాం. నిన్న ఆమే వచ్చింది. "నా కూడు పోతే పోనీ, అయ్యవారి మీద నింద పోవాల. ముందు ఆ పిల్లను నిజం చెప్పమను, నేనొచ్చి సాక్ష్యం చెప్తా" అంది.

నీ నోటికి ఏ మైలా లేదు సరస్వతీ. నీ పెండ్లి ఆగదు. బలవంతం మాట, మతం మాట అబద్ధాలని మీ నాయనకు చెప్పు. మా నాయన మళ్లీ బడికి పోతాడు. నేనడిగేది ఇదొక్కటే. నీ జనవరి ఉత్తరం పొయ్యిలో వేశాను. దాన్ని పట్టుకొని నిన్ను భయపెట్టానని రేపు నువ్వు అనుకోకూడదు.

కృపావరం


గోస్పాడు,
20-5-1979

ప్రియమైన కృపా,

నీ ఉత్తరం నా ప్రాణం నిలబెట్టింది. అందిన రోజే జానకమ్మ సంగతి నాయనకు చెప్పాను. ఓబులేసు మామ నంద్యాల పోయి అడిగితే ఆమె దాచకుండా ఒప్పుకుందట. ఇంకేముంది! నాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గోస్పాడు వాళ్లు మర్నాడే ముహూర్తం పెట్టించారు. "మా కోడలు తిన్నింది బాపనమ్మ చేతి కూడే" అని మా అత్త కమలాక్షమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటుంది. నన్ను బాగా చూసుకుంటున్నారు.

రెండో మాట కూడా చెప్పాలనే అనుకున్నాను, నీ మీద ఒట్టు. కానీ నాయన అంత సంతోషంగా ఉంటే, నేను అబద్ధమాడానని ఏ మొహం పెట్టుకొని చెప్పేది? ఆయనే అన్నాడు, "చూస్తిరా, బాపనమ్మను పెట్టి నా బిడ్డను మచ్చిక చేసుకోవాలని చూసినారు" అని. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం అబద్ధం కాదు కదా.

జానకమ్మను ఇప్పుడు ఎవరూ వంటకు పిలవడం లేదట. పాపం, పెద్దామె. మీ నాయన ఉద్యోగం పూర్తిగా పోయిందని కూడా ఓబులేసు మామ చెప్పాడు. మీరు ప్రార్థన చేసుకునే వాళ్లు, మీ దేవుడు మిమ్మల్ని వదలడులే.

మీ అమ్మకు నా మీద కోపం లేదు కదా? అడగకుండా ఉండలేక అడుగుతున్నాను గానీ, జవాబు మాత్రం రాయొద్దు. ఇక్కడికొచ్చే ఉత్తరాలు మా అత్త ముందుగా చదివించుకుంటుంది.

నీ
సరస్వతి