లోపలి నుంచి తెరుచుకునే తలుపు

డెబ్బై నాలుగేళ్ళ వయసున్న, తాళాల పని చేసుకుని బతికిన నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. నా మతి స్థిరంగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. అది చాలదనేవాళ్ళ కోసం ఈ ఉదయం కళ్ళు మూసుకుని ఒక పాత తాళాన్ని ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించాను. లాయరుగారు పక్కనే ఉండి చూశారు. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదైనా ఉంటే అది నేటితో రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత ఆ లాయరుగారిదే.

1. నా ఇల్లు నా స్వార్జితం. కింద కొట్టు, దాని వెనక నా కూతురూ అల్లుడూ ఉంటున్న భాగం, పైన రెండు గదులు. నా తదనంతరం ఇదంతా నా కూతురికి సర్వహక్కులతో చెందాలి, ఒక్క షరతు మీద. ఆ షరతు నాలుగో అంశంలో ఉంది. అల్లుడుగారు నేరుగా అక్కడికి దూకుతారని తెలుసు. మధ్యలోవి కూడా చదవమని మనవి.

2. మా వదినకు, నేను చేసిన ఇత్తడి పెట్టె. మా ఆవిడ పోయాక మూడేళ్ళు రోజూ వదినే గిన్నెలో కూర పంపింది. అన్నయ్యకూ నాకూ మాటలు ఆగిపోయాక కూడా గిన్నె ఆగలేదు.

3. అన్నయ్య సంగతి కాస్త వివరంగా రాయాలి.

మా గురువుగారి పద్ధతి ఒకటుంది. తాళం బిగించాక పనివాడు లోపల నిలబడి, తలుపు వేసుకుని, తనే తెరుచుకుని బయటికి రావాలి. అప్పుడే పని పూర్తయినట్టు. నలభై ఏళ్ళు అలాగే చేశాను. ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళను నిర్బంధంలో ఉంచే శిబిరం ఊరి చివర కట్టినప్పుడు నలభై రెండు తలుపుల పని ఒప్పుకున్నాను. మొదటి తలుపు బిగించి, అలవాటు కొద్దీ లోపలికి వెళ్ళి లాగేసుకున్నాను. లోపలి వైపు తాళంచెవి పెట్టే కన్నమే లేదు. ఉండకూడదని ఒప్పందంలోనే ఉంది. చదివి సంతకం పెట్టింది నేనే.

తాళంచెవులు ఉన్న కాపలా ఉద్యోగి భోజనానికి వెళ్ళాడు. నా కేకలు విని, వరండా ఊడుస్తున్న ఒకామె వచ్చి తలుపు అవతల కూర్చుంది. ఆమె కూడా అక్కడ నిర్బంధంలో ఉన్న మనిషే. "భయపడకండి. ఆయన వచ్చేదాకా నేను ఎక్కడికీ పోను" అంది. ఎక్కడికి పోతుంది? ఈ శిబిరం కట్టకముందు వీళ్ళను ఉంచిన పాత షెడ్డులో అప్పటికే పద్నాలుగు నెలలుగా ఉంటోంది. నేను లోపల ఉన్నది గంటసేపు. ఆ గంటలో నాకు ఏడుపొచ్చింది. రాయడానికి సిగ్గేమీ లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది: బయటికి వచ్చాక మిగతా నలభై ఒక్క తలుపులూ బిగించాను. ఆ తప్పు ఎవరి మీదా తోయను.

మా ప్రార్థనా మందిరం సేవా సంఘానికి అన్నయ్య అధ్యక్షుడు. సంఘం ఆ శిబిరానికి దుప్పట్లు, సబ్బులు పంపుతుంది. ఎవరైనా ఇంటి యజమాని పూచీ సంతకం చేసి చిరునామా ఇస్తే, విచారణ తేలేదాకా మనిషిని బయట ఉండనిస్తారు. మన మందిరం వసతిగృహంలో ఆరు గదులు ఖాళీగా ఉన్నాయి, సంఘమే పూచీ పడదామని సమావేశంలో లేచి అడిగాను. "మన పని దుప్పటి ఇవ్వడంరా. తలుపులు తీయడం ప్రభుత్వం చూసుకుంటుంది. రేపు ఒకడు పారిపోతే మందిరం పరువేం కాను?" అన్నాడు అన్నయ్య. ఆ భయం అబద్ధం అనను. "ఆ తాళాలు వేసింది నేనే అన్నయ్యా. ఒక్కటైనా తీసే దారి చూపించు" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

ఆరేళ్ళుగా మాటల్లేవు. సంఘం దుప్పట్ల బీరువా తాళం నా చేతి పనే. పట్టేసినప్పుడల్లా గుద్ది తెరుస్తున్నారని వదిన చెప్పింది. దాని రెండో తాళంచెవి నా దగ్గరుంది, అది అన్నయ్యకు. ఒక్క కబురు పంపి ఉంటే చెప్పుల్లేకుండా పరిగెత్తుకు వచ్చేవాణ్ణి. ఇద్దరికీ బెట్టే.

4. షరతు ఇది. ఆ వరండా ఊడ్చినామెకు నేనే పూచీ పడ్డాను. ఆరేళ్ళుగా మా పై గదిలో ఉండి బట్టలు కుడుతోంది. విచారణ ఇంకా తేలలేదు. నేను పోయిన రోజుతో నా పూచీ చెల్లదు. ముప్పై రోజుల్లో ఈ ఇంటి యజమాని కొత్తగా సంతకం చేయకపోతే ఆమెను మళ్ళీ ఆ తలుపుల వెనక్కి తీసుకుపోతారు. కాబట్టి ఆ గడువులో మొదటి పదిహేను రోజుల్లోపల నా కూతురు సంతకం చేయాలి. చేయకపోతే ఇల్లు సేవా సంఘానికి పోతుంది, మిగిలిన పదిహేను రోజులకు అదే షరతుతో. అప్పుడు సంతకం చేయాల్సింది అధ్యక్షులవారు. తప్పించుకునే దారి కోసం వెతక్కు అన్నయ్యా. కన్నాలన్నీ నేనే మూశాను.

అల్లుడుగారికి ప్రభుత్వ ఉద్యోగం, పై అధికారి ఏమంటాడోనని గుబులు. ఆయన చొక్కాలకు బొత్తాలు ఎవరు కుడుతున్నారో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

తల్లీ, నువ్వు సంతకం చేస్తావని నాకు తెలుసు. నీ మీద నమ్మకం లేక ఈ షరతు పెట్టలేదు. చేయొద్దని చెప్పేవాళ్ళకు చూపించడానికి నీ చేతిలో ఒక కాగితం ఉండాలని పెట్టాను. నా పనిముట్లన్నీ కూడా నీకే. ఆకురాయి పట్టడం నాకంటే నీకే బాగా వచ్చు.

5. ఈ ఇంట్లో ఏ తలుపుకూ లోపలి గడియ తీసేయకూడదు. ఆమె వచ్చిన రోజున పై గదికి కొత్త గడియ బిగించి, మెట్ల మీద నిలబడ్డాను. లోపలికి వెళ్ళి వేసుకుంది, తీసుకుని బయటికి వచ్చింది. అలా నాలుగుసార్లు. మా గురువుగారి లెక్కన, ఆ నలభై రెండు తలుపుల తరవాత నేను పూర్తి చేసిన మొదటి పని అదే.

6. ఆమెకు నేనేమీ రాయలేదు. కుట్టు మిషను, కొంత సొమ్ము రాద్దామనుకున్నాను. ఆస్తి పొందేవాళ్ళు సాక్షి సంతకం చేయకూడదు, ఏదో ఒకటి తేల్చుకోమన్నారు లాయరుగారు. ఆమె సాక్షి సంతకమే కోరుకుంది. నేను కోప్పడ్డాను. "సాక్షులు చిరునామా రాయాలట కదా బాబాయ్. ఇన్నాళ్ళూ నా చిరునామా వేరేవాళ్ళే రాశారు. ఒక్కసారి నన్ను రాయనివ్వండి" అంది. సరేనన్నాను.

ఇందులోని ప్రతి మాటా చదివించుకుని విని, సరిగ్గా ఉందని ఒప్పుకుని, ఈ నెల పద్నాలుగో తేదీ మంగళవారం ఉదయం, కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉండగా సంతకం చేశాను.

(సంతకం)
తాళాలాయన

సాక్షులు:

1. టీకొట్టు యజమాని. చిరునామా: ఎదురు వరస, మూలకొట్టు.

2. కుట్టుపనామె. చిరునామా: ఈ ఇల్లే, పై గది.