కామ్రేడ్ కాలేయం, నా కార్జ నిషేధం

సోమవారం, ఉదయం
బయాప్సీ రిపోర్టు వచ్చింది. మా లాబ్రడార్ కామ్రేడ్ కాలేయంలో రాగి పేరుకుపోయిందట! మొన్న రక్తపరీక్ష బాగాలేదన్నప్పుడు "ముక్క తీసి చూడటమంతా వ్యాపారం" అని డాక్టరమ్మ బల్ల గుద్దింది నేనే. చెయ్యి ఇంకా నొప్పి.
ఆవిడ ఆజ్ఞలు: రాగిని బయటికి లాగే మాత్ర, రెండు పూటలా, ఖాళీ కడుపున. రాగి ఎక్కువుండే మేక కార్జం, గింజలు బంద్. లేదంటే కాలేయం గట్టిపడి కుక్క దక్కదు.
మూడు కరపత్రాలు చదివేశాను. ప్రతిజ్ఞ: కార్జం ఈ గడప తొక్కడానికి వీల్లేదు!

మంగళవారం
ఫ్రిజ్‌కి నిషేధ పత్రం అంటించాను. పన్నెండు సూత్రాలు. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ చదివింది.
"కుక్కకి చదువొచ్చేమిట్రా?"
చెల్లి పకపకా నవ్వింది. ఉద్యమాలు ఇలాంటి ఇళ్లలోనే చస్తాయి.
మాత్ర మింగాడు. విజయం!

గురువారం
ఉమ్మేశాడు. మళ్లీ ఉమ్మేశాడు. మూడోసారి నా చెప్పులో.
అమ్మమ్మ దిండు కింద వేరుశనగలు! అరగంట ఉపన్యాసం ఇచ్చాను.
"అది మూతి అలా పెట్టుకుని చూస్తుంటే ఎలారా?"
"జాలే అసలు ద్రోహం!" అన్నాను. మాట బాగా కుదిరింది. రాసిపెట్టుకున్నాను.

ఆదివారం
మాత్రే లోపలికి పోకపోతే పథ్యం దేనికి? చిటికెడు కార్జంలో చుట్టి పెట్టాను. గుటుక్కు! ఇది లొంగుబాటు కాదు, వ్యూహం.

బుధవారం
చిటికెడైతే మాత్రని వదిలేసి చుట్టూ తింటున్నాడు. పిడికెడు.
మాంసం కొట్టాయన: "రోజూ కార్జమేనా తమ్ముడూ? రక్తం తక్కువా?"
అవునన్నాను.

నెల తర్వాత, సోమవారం
రక్తపరీక్ష. అంకెలు తగ్గకపోగా పెరిగాయి!
"ఈ కుక్కల తిండి కంపెనీలున్నాయే..." అని అందుకున్నాను.
"మాత్ర దేంట్లో పెడుతున్నావు బాబూ?" అంది డాక్టరమ్మ.
నేను గోడవైపు చూశాను.
"కార్జంలోనండీ. మా అన్నయ్య వ్యూహం" అంది చెల్లి.
"అంటే రాగిని స్పూనుతో తోడుతూ బకెట్టుతో పోస్తున్నావన్నమాట."
ఇంటికొచ్చాక అమ్మమ్మ నా దిండు ఎత్తి చూసింది. అదే ఎక్కువ మండింది.
కామ్రేడ్ పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. తోక మాత్రం నన్ను చూసి ఊగుతూనే ఉంది, వెధవ.

మంగళవారం, ఉదయం
డాక్టరమ్మ చూపించినట్టే నోరు తెరిచి, నాలుక మొదట్లో, గొంతు దగ్గర మాత్ర పెట్టి, మూతి మూసి, గొంతు నిమిరాను. మింగాడు! నా వేలికి పన్ను గీసుకుంది. న్యాయమే.
పన్నెండు సూత్రాలూ చించేశాను. కొత్త పత్రం, ఒకటే సూత్రం. అమ్మమ్మ చెప్పింది, చెల్లి రాసింది, నేను తీసుకెళ్లి మాంసం కొట్టు గోడకి నా చేత్తోనే అంటించాను:
"వీడు ఏడ్చి అడిగినా కార్జం ఇవ్వకండి."
కింద నా ఫొటో.
ప్రతిజ్ఞ, మొదటి రోజు.