ఎమీనా వాళ్ళ నాన్న ఓటు

పిస్కాటవే, అమెరికా, సెప్టెంబర్ 2010, ఆదివారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం క్లాస్‌మేట్ ఎమీనా వాళ్ళింటికి లంచ్‌కి వెళ్ళాను. వాళ్ళది బోస్నియా. అక్కడి ఎలక్షన్‌కి వాళ్ళ నాన్న ఇక్కణ్ణుంచే పోస్ట్‌లో ఓటు పంపుతున్నారు, ఎప్పటిలాగే బోస్నియాక్ ముస్లింల పార్టీకే. ఎమీనాకి ఒళ్ళు మండింది.

"మతం, జాతి తప్ప వాళ్ళకి ఇంకేం పట్టదు. మా ఆయన సెర్బ్, క్రిస్టియన్. ఆయనకి అందులో చోటెక్కడ?" అంది.

వాళ్ళ నాన్న కాఫీ వంపుతూ, "తొంభైల్లో సెర్బులతో యుద్ధంలో మా తరఫున నిలబడింది వాళ్ళే" అన్నారు.

నేను ఎమీనా వైపే మాట్లాడాను. కాస్త గట్టిగానే.

సాయంత్రం కొత్త రూమ్మేట్ దిగింది, గుంటూరమ్మాయి. సూట్‌కేస్ లోపల పెట్టకముందే, "మీ ఇంటిపేరేంటి?" అని అడిగేశాను.

తను నా మొహంలోకి చూసి, "ఎందుకక్కా?" అంది.

"ఊరికే" అన్నాను.

ఎమీనా వాళ్ళ నాన్నకి చెప్పుకోడానికి ఒక యుద్ధమైనా ఉంది.