భార్గవి ఏం వాయించాలి

నవంబర్ 3, సోమవారం. మదనపల్లె
వాన. పొద్దున్నుంచీ ఆగలేదు. పుస్తకాలన్నీ మంచం మీద పరిచాను. పిల్లల పియానో ప్రోగ్రాంకి ఎవరికి ఏ పీసు ఇవ్వాలో ఈ నెలలో తేల్చాలి. డిసెంబర్ మూడో ఆదివారానికి స్కూలు హాలు దొరికింది. హాల్లో ఉన్నది అసలు పియానో. పిల్లల ఇళ్లల్లో ఉన్నవి చాలావరకు కీబోర్డులే. ఆ బరువైన పియానో మీటలు వాళ్ల వేళ్లకు లొంగాలి కదా...
ఏటా ఇష్టంగా చేసే పని. ఈసారి ఒక్క పుస్తకమూ తెరవబుద్ధి కావడం లేదు.

నవంబర్ 4
కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. వేణ్ణీళ్ల కాపడం.

నవంబర్ 5, బుధవారం
నిఖిల వాళ్ల నాన్న రమణప్ప మండీ నుంచి నేరుగా వచ్చారు. చొక్కాకి ఇంకా టమోటా వాసన. నిఖిల ఈ ఊరి పిల్లల్లో అందరికన్నా ముందున్నది, చక్కగా వాయిస్తుంది. దాన్ని చివర్లో పెట్టాలట, పెద్ద పీసే ఇవ్వాలట. "ఆకర్న వాయించినోళ్లే గుర్తుంటారు మేడమ్." ఆయన వెనకే నిలబడిన నిఖిల తన చెప్పుల వైపే చూస్తోంది.
సరేనన్నాను. ఒళ్లు అలిసినప్పుడు సరే అనడమే తేలిక.

నవంబర్ 7, శుక్రవారం. పుంగనూరు
బట్టల షాపు మేడ మీద క్లాసు. షాపు వాళ్ల పిల్లాడు జయంత్‌కి వాల్ట్జ్ అనే డాన్సు పీసు ఇచ్చాను. మొహం ముడుచుకున్నాడు — సినిమా పాట కావాలి వాడికి. వాళ్ల అవ్వ మెట్లెక్కి వచ్చి మరీ అడిగింది. "ఒకటన్నా తెలిసిన పాట ఉండల్ల గదమ్మా? లేకుంటే సప్పట్లు యాడ కొట్టాల్నో మాకెట్ల తెలస్తాది?"
న్యాయమైన ప్రశ్నే. నవ్వాను.

నవంబర్ 8, శనివారం. కుప్పం
భార్గవి. రామకుప్పం దగ్గరి పల్లె నుంచి వస్తుంది, వాళ్లది రాగి చేను, కూరగాయల మడి. ఇలాంటి చెవి ఉన్న పిల్ల నా దగ్గరికి మళ్లీ రాదు. దానికోసం పెద్ద పీసు మోసుకెళ్లాను. గాలీ వానా ఉరుములూ అన్నీ ఉంటాయి, పిల్లలు తుఫాను పీసంటారు. ఎడమచెయ్యి కింది స్వరాల మీద గుద్దినట్టు పడాలి. ఆ పిల్ల ఒక్కసారి చూసి పుస్తకం మూసేసింది.
జోలపాట ఇవ్వమంది. రెండేళ్ల కిందట నేర్చుకున్న చిన్న పీసు అది.
ఎందుకని అడిగాను. పుస్తకం నా వైపు జరిపి, "గట్టిగా వాయిస్తే మా నాయనకు అదురొస్తాది మేడమ్" అంది.
వాళ్ల నాన్న మునిరత్నం సంగతి నాకు తెలుసు. పోయినేడు చేనికి కాపలా పోయి ఏనుగు కాళ్ల కింద పడబోయి బతికాడు. తుంటి విరిగింది. ఇప్పుడు కర్రతో నడుస్తున్నాడు. కానీ ఈ సంగతి తెలియదు నాకు... గిన్నె కింద పడ్డా వణికిపోతాడట. తలుపు మెల్లగా వేస్తారట. ఈ పిల్ల ఏడాదిగా కీబోర్డు శబ్దం అడుక్కి తగ్గించి సాధన చేస్తోంది.
జోలపాటే రాసుకున్నాను.

నవంబర్ 9
ఆ చేతుల్ని జోలపాటలో దాచేయడం... అయినా ఇంకేం చేయను? వరుసలో చిన్నపిల్లల మధ్య ఎక్కడో పెట్టాను.

నవంబర్ 13
వరుస రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను. రెండు నెమ్మది పీసులు పక్కపక్కన వస్తే పెద్దవాళ్లు ఫోన్లు తీస్తారు. రెండు వేగమైనవి పక్కపక్కన వస్తే రెండోవాడు భయపడతాడు.
తలనొప్పి.

నవంబర్ 15, శనివారం. కుప్పం
భార్గవి జోలపాట. ఫ్యాను చప్పుడులో సగం మునిగిపోయింది. హాల్లో వెనక వరుస వాళ్లకు ఏమీ వినపడదన్నాను. వినపడకపోయినా పర్వాలేదంది. కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు.
వాళ్లమ్మ లక్ష్మి కూడా వచ్చింది ఈసారి. మైకు ఉంటుందా, టపాకాయలు గానీ కాలుస్తారా అని అడిగింది. మునిరత్నం తానూ వస్తానంటున్నాడట. మైకు లేదు, ఏమీ లేదు, రమ్మని చెప్పమన్నాను.

నవంబర్ 19
వచ్చే ఏడాది ఈ ప్రోగ్రాం వద్దు. వేలు ఇక మాట వినదు. బస్సుల్లో ఈ తిరుగుడు... మానేస్తే ఎవరికి లోటు? పిల్లలకైతే సెలవు దొరికినట్టే.

నవంబర్ 20, గురువారం
మధ్యాహ్నం ఫోన్. కొత్త నంబరు. మునిరత్నం. ఆయనతో ఇంతవరకు ఎప్పుడూ మాట్లాడలేదు. పెరట్లోకి వచ్చి చేస్తున్నానన్నాడు, ఇంట్లో వినపడకుండా.
పాప జోలపాట వాయిస్తోందట గదా అని అడిగాడు. అవునన్నాను.
"అది నా కోసరమే మేడమ్, నాకు తెలుసు. ఏడాదిగా మా ఇంట్లో అందరూ గుసగుసలే. గిన్నె పెట్టినా సప్పుడు గాదు. పిలకాయలు నవ్వేది గూడా మర్సిపోయినారు. సచ్చినోడుండే ఇల్లు మాదిరి ఉండాది. పాపకు గట్టిదే ఇయ్యండి."
మీకు ఇబ్బంది కాదా అన్నాను.
"అదురొస్తే రానీ. ఎన్నాళ్లని ఇట్ల?"
మీరే చెప్పొచ్చు కదా అంటే, తాను చెప్తే వినదట. నన్ను చెప్పమన్నాడు. పెట్టేశాడు.
పొయ్యి మీద పాలు పొంగి కారాయి.

నవంబర్ 22, శనివారం. కుప్పం
చెప్పాను. భార్గవి తలెత్తలేదు. ఎవరు చెప్పారని అడిగింది. మీ నాన్నే అన్నాను.
"ఆయనకు తెలీదు మేడమ్, అట్లయినప్పుడు ఎట్లుంటాడో. సూసేది మేము."
అదీ నిజమే. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మధ్యలో నేను, చేతిలో రెండు పుస్తకాలు. రెండూ ముందు పెట్టి, ఏది కావాలంటే అది తీసుకుపో అన్నాను. తుఫాను తీసుకుంది. పోతూ పోయొస్తానని కూడా చెప్పలేదు.

నవంబర్ 25
తుఫాను ఉంటే దాని తర్వాత ఇంకేదీ నిలవదు. చివర్లోనే పెట్టాలి. అంటే నిఖిలను కదపాలి. రమణప్పకు ఏమని చెప్పను...

నవంబర్ 26, బుధవారం
నిఖిలకే ముందు చెప్పాను. ఊపిరి వదిలింది. మొదట్లోనే పెట్టేయమంది, తనది అయిపోతే మిగతావాళ్లవి హాయిగా వింటుందట. పెద్ద పీసు వద్దని అసలు మూడు వారాలుగా చెప్పాలనుకుంటోందట. చెప్పలేకపోయింది, పాపం.
సాయంత్రం రమణప్ప. మొదట వాయించేటప్పటికి సగం జనం రానే రారని ఆయన బాధ. అందరూ కూర్చున్నాకే మొదలుపెడతానన్నాను. విసురుగా చెప్పులేసుకుని వెళ్లిపోయారు. కొత్తగా నాకో శత్రువు.

నవంబర్ 29, శనివారం. కుప్పం
స్వరాలన్నీ వచ్చేశాయి భార్గవికి, ఒక్క వారంలో. కానీ అంతా మెత్తగా. ఉరుము కూడా గుసగుసే. లేచి వెళ్లి కీబోర్డు శబ్దం పూర్తిగా పెంచేశాను. మొదటి దెబ్బకు ఆ పిల్లే ఉలిక్కిపడింది. ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది.
ఈసారి ఆగలేదు.
క్లాసు గది కింద ఉన్న టైలరు షాపు ఆమె పైకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అయిపోయాక భార్గవి తన చేతుల్ని అవెవరివో అన్నట్టు చూసుకుంది.
బస్సులో ఇంటిదాకా వేలునొప్పి గుర్తుకు రాలేదు.

డిసెంబర్ 6, శనివారం. కుప్పం
ప్రోగ్రాం కాగితం అచ్చుకి ఇవ్వాలి, ఇంక మార్చలేం, వాయిస్తావా అన్నాను. వాయిస్తుందట, కానీ వాళ్ల నాయన ముందు వరుసలో కూర్చోకూడదట. తలుపు పక్కన కుర్చీ వేయిస్తానన్నాను.

డిసెంబర్ 14
ఏమీ చేయలేదు. పడుకున్నాను.

డిసెంబర్ 21, ఆదివారం. మదనపల్లె
అయిపోయింది. కాళ్లు పీకుతున్నాయి. అయినా రాయాలి.
నిఖిల మొదట వాయించింది, తేలిగ్గా, బాగా. జయంత్ వాల్ట్జ్ మధ్యలో దారి తప్పి ఆగిపోయాడు. వాళ్ల అవ్వ అదే చివర అనుకుని చప్పట్లు కొట్టింది. హాలంతా కొట్టారు. ఆ సందులో వాడికి తర్వాతి స్వరం దొరికింది.
చివర భార్గవి. మునిరత్నం వెనక తలుపు పక్కన, లక్ష్మి ఆయన పక్కన. నేను పేజీలు తిప్పడానికి భార్గవి దగ్గరే నిలబడ్డాను. హాలు పియానో గొంతు కీబోర్డు గొంతు కాదు, గోడలు కూడా పలికాయి. రెండో పేజీలో ఎడమచెయ్యి కిందికి దిగింది — అప్పుడు వెనక కుర్చీ కదిలింది. కర్ర చప్పుడు. గచ్చు మీద టక్, టక్... అందరికీ వినపడింది. భార్గవికీ వినపడింది. మెడ బిగుసుకోవడం చూశాను. తల తిప్పలేదు. శబ్దం తగ్గించలేదు. చివరిదాకా వాయించింది.
చప్పట్లు ఇంకా ఆగకముందే బయటికి పరుగెత్తాను. ఆయన వరండా మెట్ల మీద కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. లక్ష్మి కొంగుతో తుడుస్తోంది.
"కాళ్లు నిలవలేదు మేడమ్. ఈణ్నుంచి అంతా ఇన్యాను." "పాప ఆపలేదు గదా?"
లేదన్నాను. తలూపాడు.
భార్గవి తలుపు దాకా వచ్చింది. అక్కడే నిలబడింది. దగ్గరికి రాలేదు. ఆయనా పిలవలేదు. కిరాయి కారులో ఆ పిల్ల ముందు సీట్లో ఎక్కింది, వాళ్లిద్దరూ వెనక. అద్దాలు ఎత్తేశారు.
మంచి చేశానో చెడు చేశానో.

డిసెంబర్ 22
పది దాటాక లేచాను. రమణప్ప ఒక బుట్ట టమోటాలు పంపారు. కోపం పోయిందనా, ఉందనా... అడిగితే బాగుండదు.

డిసెంబర్ 27, శనివారం. కుప్పం
భార్గవి రాదనుకున్నాను. ఆలస్యంగా వచ్చింది. పుస్తకం తెరవలేదు.
నాన్న ఎలా ఉన్నారన్నాను. బాగున్నాడంది. రాత్రుళ్లు మామూలుగానే ఉన్నాడట. ఆ రోజు గురించి ఆయన ఏమీ అనలేదట, తనూ అడగలేదట. ఇంట్లో టీవీ మాత్రం ఆయనే కాస్త పెంచుతున్నాడట. లక్ష్మి వెళ్లి తగ్గిస్తోందట.
తర్వాత అడిగింది.
"ఆయన లేసి పోతా ఉంటే నేను ఆపి ఉండల్లనా మేడమ్?"
ఆపకపోవడమే ఆయనకు కావాల్సిందని చెప్పొచ్చు. వరండాలో ఆయన అడిగింది కూడా చెప్పొచ్చు. కానీ అది ఆయన నోటితో ఆ పిల్ల వినాల్సిన మాట. మళ్లీ నేను మధ్యలోకి పోతే వాళ్లిద్దరూ ఎప్పటికి మాట్లాడుకుంటారు? నోటిదాకా వచ్చింది, మింగాను. మీ నాన్ననే అడుగు అన్నాను. నా వైపు చూసింది — మీరు కూడా చెప్పరా అన్నట్టు.
బస్సు పలమనేరు దాటింది, పుంగనూరూ దాటింది. చెప్పేసి ఉండాల్సిందేమో. వచ్చే శనివారం మళ్లీ అడుగుతుందేమో... అడగకపోతేనే ఇంకా కష్టం.