దింపి పిలిచిన పేరు

బ్రిక్‌ఫీల్డ్స్

తమ్ముడు గంగయ్యకు అక్క రత్నావతి రాసేది. అన్నం తింటున్నాను, మాత్రలు వేసుకుంటున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు.

మొన్న ఆదివారం మన యశ్వంత్ వాయించిన డ్రమ్ముల జట్టువాళ్లు ప్రాక్టీసు చూడమని నన్ను తీసుకెళ్లారు. ఈ ఏడు పోటీకి వరసల్లో నడవడం, జెండాలు తిప్పడం మానేశారు. వాణ్ని మోసుకెళ్లిన రోజు శ్మశానం దారిలో జట్టు మగపిల్లలు చూసినదాన్నే ఆటగా కడుతున్నారు. నలుగురు పెద్ద డ్రమ్మును భుజాల మీద తెచ్చి సగం దారిలో దించారు. చప్పుడంతా ఆగిపోయింది. వాడితో వాయించే సుమిత వంగి, డ్రమ్ముకు నోరు ఆనించి, మూడుసార్లు యశ్వంత్ అని పిలిచింది.

తరవాత నా దగ్గరికొచ్చి, "అత్తా, నీకు కట్టమైతే ఇది తీసేస్తాం లా. మాస్టరు అడగమన్నాడు" అంది, ఈ ఊరి పిల్లల యాసలో.

"ఉంచండమ్మా. పేరు మాత్రం అది కాదు. ఇంట్లో నా కొడుకు బుల్లోడు. బడి పేరెట్టి పిలిస్తే ఏనాడూ మంచం దిగినోడు కాదు" అన్నాను.

ఆడవాళ్లు రాకూడదని ఆ రోజు నన్ను గుమ్మంలోనే ఆపేశారు. దారిలో దింపి వాడి చెవిలో పిలిచింది నువ్వే. ఏ పేరుతో పిలిచావు? ఫోనులో అడగడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను.

మరదలు పునిత కాలి వాపు తగ్గిందా? వాడి చొక్కాలు ఉతికి ఉంచాను, మీ పెద్దాడికి పడతాయేమో చూడు. బండి నెమ్మదిగా నడపమను. నీ పిల్లలు నిండా నూరేళ్లు ఉండాలి.

యశ్వంత్ అని పిలిచి ఉంటే అదే రాయి. నిన్ను ఏమీ అనను.

అక్క