కడగని పెరుగు గిన్నె

మదనపల్లె,
జూలై 14, 2003.

పూజ్యురాలైన అమ్మకు శాలిని నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను క్షేమం. పుంగనూరులో నువ్వు, నాయన, అన్న, దీప వదిన, నేడో రేపో ఈనబోయే ఎర్రావు అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. హాస్టల్లో సంగటి దొరుకుతుందా అని అడిగావు. దొరుకుతుంది గానీ నీ చేతి సంగటి మాదిరి గట్టిగా ఉండదు. చిక్కిపోయానని బెంగపడకు, నిన్ననే జాకెట్టు కుట్లు విప్పుకున్నాను.

నా గదిలో వదిన కుట్టుమిషను పెట్టుకుంటానంటోంది, ఇచ్చేదా అని కూడా అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను. "పని నిలబడకపోతే వచ్చెయ్, నీ గది నీకుంటాది" అని నాయన బస్సెక్కిస్తూ అన్న మాట నేను మరిచిపోలేదు.

ముందు నీ ఎగతాళికి జవాబు. "ఫైళ్లు సర్దేదానికి డిప్లొమా యాల?" అన్నావు. అమ్మా, ఇవి అట్టలకు దారం కట్టిన ఫైళ్లు కావు. మాది ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు కదా, ప్రతి ఇంటి ప్లానూ కంప్యూటర్లో ఒక ఫైలు. అవి ఉండే అరలను డైరెక్టరీలంటారు. మదనపల్లెకొకటి, పుంగనూరుకొకటి, కుప్పానికొకటి. మా ఓనరు మునికృష్ణ సారు ఈ మూడింటిలోవీ ఒకే అరలోకి తెమ్మన్నారు. చేతకాకపోతే బెంగళూరు నుంచి మనిషిని పెట్టుకుంటానన్నారు. అంటే నేను పెట్టె సర్దుకోవాల్సిందే.

చేత్తో ఒక్కొక్కటే మారిస్తే ఎప్పటికి తెమిలేను? అందుకని ఆ పని చేసిపెట్టే ప్రోగ్రాం ఒకటి లిస్ప్ అనే భాషలో రాశాను. మేము ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యే భాష అది. ఎటు చూసినా బ్రాకెట్లే. తెరిచిన ప్రతి బ్రాకెట్టూ మూయాలి. ఒకటి మరిచామా, అలిగిన అల్లుడిలా ఉలకదు, పలకదు. నేను దానికి చెప్పింది ఇంతే: పాత అరలోని పేర్లన్నీ చదువు, కొత్త అర లేకపోతే చెయ్యి, ఒక్కో ఫైలునూ అందులోకి కాపీ చెయ్యి, పాతదాన్ని తుడిచెయ్యి.

నడపబోతూ ఆ చివరి మాట దగ్గర ఆగాను. నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు పాలకు తోడేసి, వెంటనే పాత పెరుగు గిన్నె తోమేశాను. "కొత్తది తోడుకోకనే పాత గిన్నె యాల కడిగినావే? ఇది ఇరిగిపోతే తోడు యాడ తెస్తావు?" అని వీపు మీద ఒకటిచ్చావు. ఆ దెబ్బ ఇన్నేళ్లకు పనికొచ్చింది.

కాపీ చెయ్యమంటే లిస్ప్ జవాబిస్తుంది. ఫైలు చేరితే ఎంత చేరిందో చెబుతుంది, చేరకపోతే 'నిల్' అంటుంది. అంతకుమించి గొడవ చేయదు. ఆ జవాబు వినకుండానే నేను తుడిచెయ్యమని రాశాను. ఇప్పుడు మార్చాను: చేరిందంటేనే పాతది తీసెయ్యి, నిల్ అంటే ముట్టుకోకు.

మునికృష్ణ సారు వెనకే నిలబడి ఉన్నారు. "పొద్దున్నించి దీన్నే సూస్తాండావు. అన్నీ కాపీ అయిపోతాయిలేమ్మా, తుడిచెయ్యి" అన్నారు.

"తోడుకోనీండి సార్" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు, కోపమొచ్చింది. "రేపు బెంగళూరాయనకు ఫోన్ చేస్తా" అంటూ లోపలికి వెళ్లిపోయారు. అయినా నేను ఆ షరతు తీయలేదమ్మా.

నడిపాను. కొత్త అర నిండింది. కానీ పాత అరల్లో రెండు ఫైళ్లు కదలకుండా ఉన్నాయి. ఏవా అని చూస్తే శంకరప్ప. మేము ఫైలుకు ఇంటి యజమాని పేరే పెడతాం. మదనపల్లె శంకరప్ప, పుంగనూరు శంకరప్ప, కుప్పం దగ్గర గుడుపల్లె శంకరప్ప. మన వైపు శంకరప్పలకు కొదవా? ఒకే అరలో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండవు. మొదటి శంకరప్ప చేరాక మిగతా ఇద్దరికీ నిల్ వచ్చింది. చూడకుండా తుడిచేసి ఉంటే ఆ ఇద్దరి ఇళ్లూ గాలికి పోయేవి.

మరునాడే గుడుపల్లె శంకరప్ప వచ్చాడు. "మిద్దె పోస్తాండాము, ప్లాను ఇంకోటి తీసియ్యప్పా" అని సారును అడిగాడు. సారు నా వైపు చూశారు. పాత అరలోంచి తీసి ప్రింటు ఇచ్చాను. అతను వెళ్లాక సారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"యాడ నేర్చుకున్నావమ్మా ఇది?"

"మా ఇంట్లో సార్, మా అమ్మ దగ్గర" అన్నాను. గర్వంగానే అన్నాను. తర్వాత ప్రతి పేరుకూ ముందు ఊరి పేరు చేర్చి మళ్లీ నడిపాను. పాత అరలన్నీ ఖాళీ అయ్యాయి.

ఇక ఇంతసేపూ దాచిన మాట. కుప్పంలో మాకున్న ఆఫీసును నన్నే చూసుకోమన్నారు సారు. నిన్నూ నాయననూ అడగకుండానే సరేనన్నాను. వచ్చే వారమే ప్రయాణం. కోపగించుకోకు. నాయనకు అన్నం తిన్నాక మెల్లగా చెప్పు.

గది సంగతి. ఇన్నాళ్లూ నా కోసం ఆ గిన్నె కడగకుండా ఉంచావు. నువ్వు ఉంచబట్టే నేను భయపడకుండా ఇక్కడ ఉండగలిగాను. తోడుకుందమ్మా. గది వదినకిచ్చెయ్.

ఇట్లు,
నీ చేతి దెబ్బ మరిచిపోని కూతురు,
శాలిని.